పిల్లల్ని చూడ్డానికి వెళ్తే పక్కన ఒకావిడ కూర్చుని రాసుకుంటోంది, నేనేం చెయ్యాలి?

ప్రశ్న: మేము అమెరికా వచ్చి నాలుగేళ్లయింది. మావారిది హెచ్-1బి ఉద్యోగ వీసా, నాది ఆయన మీద ఆధారపడిన హెచ్-4. బాబుకి ఏడేళ్లు, పాపకి మూడు. నెలన్నర కింద హోంవర్క్ దగ్గర ఆయన బాబుని స్కేలుతో కొట్టారు, చేతి మీద వాతలు తేలాయి. మర్నాడు టీచర్ చూసి ఫోన్ చేసింది. అంతకుముందు కూడా ఒకసారి స్కూల్ నుంచి ఇలాంటి ఫోనే వెళ్లిందట. ఆ సాయంత్రమే సి.పి.ఎస్. వాళ్లు, అంటే పిల్లల రక్షణ చూసే ప్రభుత్వ ఏజెన్సీ వాళ్లు, వచ్చి ఇద్దర్నీ తీసుకెళ్లి ఫాస్టర్ ఇంట్లో, అంటే తాత్కాలికంగా పిల్లల్ని పెంచే వేరేవాళ్ల ఇంట్లో పెట్టారు. ఇప్పుడు వారానికి రెండుసార్లు ఏజెన్సీ ఆఫీసులో గంటసేపు చూపిస్తున్నారు. మూల కుర్చీలో ఒకావిడ కూర్చుని అన్నీ రాసుకుంటుంది, తెలుగులో మాట్లాడొద్దంటుంది. పోయినసారి టైం అవ్వగానే పాప నన్ను వదిలేసి ఫాస్టర్ అమ్మ దగ్గరికి పరిగెత్తింది. ఇంకొకావిడ వారం వారం మా ఇంటికొచ్చి ఏవేవో అడుగుతుంది, అల్మారాలు చూస్తుంది. ఆవిడ వచ్చేది నిఘాకా, సాయానికా? మావారు ఇదంతా అవమానమని విజిట్లకు రావడం మానేశారు, నన్నూ వెళ్లొద్దంటున్నారు. నేను కొట్టలేదు, అయినా నా పేరూ కేసులో ఉంది. ఆయనకు కోపం ఎక్కువ, నా మీదా చెయ్యి చేసుకుంటారు, అది వేరే సంగతి. నాకు పిల్లలు కావాలి. ఏం చెయ్యమంటారు?

సమాధానం: విజిట్లు మానొద్దు. మీవారు వద్దన్నారని మానొద్దు, వెళ్లొస్తే ఏడుపొస్తోందని మానొద్దు, ఆ మూల కుర్చీ ఆవిడ ముందు తలదించుకున్నట్టుందని అసలే మానొద్దు. మిగతా సంగతులన్నీ నెమ్మదిగా మాట్లాడుకోవచ్చు గానీ, ఈ ఒక్కటి మాత్రం ఈ వారం నుంచే ఖాయం చేసుకోండి.

ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, మీ ఇంట్లో ఎవరికీ తెలియకుండానే ఒక గడువు మొదలైపోయింది. అమెరికాలో 1997లో వచ్చిన ఫెడరల్ చట్టం ఒకటి ఉంది. గత 22 నెలల్లో పిల్లలు 15 నెలలు ఫాస్టర్ కేర్‌లో ఉంటే, తల్లిదండ్రుల హక్కులు రద్దు చెయ్యమని ఆ రాష్ట్ర ఏజెన్సీ కోర్టులో పిటిషన్ వెయ్యాలి. మినహాయింపులు ఉన్నాయి, బంధువుల దగ్గర పిల్లలు ఉంటే ఒకటి, ఇస్తామన్న సర్వీసులు ఏజెన్సీయే సకాలంలో ఇవ్వకపోతే ఒకటి, ఇలా. పిటిషన్ వేసినంత మాత్రాన హక్కులు పోవు కూడా. గట్టి సాక్ష్యం లేకుండా తల్లిదండ్రుల హక్కులు తీసెయ్యకూడదని అమెరికా సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. కానీ పన్నెండు నెలల లోపు జడ్జి ఒక హియరింగ్ పెట్టి ఈ పిల్లలు శాశ్వతంగా ఎక్కడ పెరగాలో చూస్తారు, ఆరు నెలలకోసారి కేసు ఎలా నడుస్తోందో సమీక్షిస్తారు. ఆ రోజు జడ్జిగారి ముందుండే కాగితాలు ఏమిటో తెలుసా? ఏజెన్సీ తరఫున మీ కేసు చూసే కేస్‌వర్కర్ రిపోర్టు, మీ ఇంటికొచ్చే ఆవిడ నోట్సు, ఆ మూల కుర్చీలో ఆవిడ రాసుకున్న లాగ్. మీరు ఎంత మంచి తల్లో జడ్జిగారికి చెప్పేది చాలావరకు ఆ రాతలే. మానేసిన ప్రతి విజిట్ దగ్గరా అందులో 'తల్లి రాలేదు' అన్న మాటే ఉంటుంది. అవమానంతో రాలేదా, అలిగి రాలేదా, భర్త రానివ్వలేదా అన్నది అక్కడ ఎవరూ రాయరు.

ఇక 'నేను కొట్టలేదు కదా' అన్నారు. నిజమే, కానీ అక్కడి లెక్కలో మీ మీద ఉన్న ఆరోపణ వేరు. పిల్లాడికి దెబ్బ తగులుతోందని తెలిసీ ఆపలేదన్నది మీ మీద ఉన్న మాట. అది మీకు అన్యాయంగా అనిపిస్తుంది, కొంత అన్యాయం ఉంది కూడా, ఎందుకంటే కోపం వచ్చిన మనిషిని ఆపబోతే ఆ దెబ్బ మీకే తగులుతుందని మీ ఉత్తరంలోనే ఉంది. అయినా ఒక విషయం మీతో నిక్కచ్చిగా చెప్పాలి. 'మన ఇళ్లల్లో ఇది మామూలే, మేమూ దెబ్బలు తినే పెరిగాం' అన్న వాదన అక్కడ ఎవరి దగ్గరా ఎత్తొద్దు. అది కేసుకి చెరుపు చేస్తుందని మాత్రమే అనడం లేదు, ఏడేళ్ల పిల్లాడి చేతి మీద వాతలు తేలేలా కొట్టడం తప్పు కనుక అంటున్నాను. అమెరికాలో పిల్లల్ని క్రమశిక్షణ పేరుతో కొట్టడం పూర్తిగా నేరమేమీ కాదు, కానీ ఒంటి మీద గుర్తులు మిగిలాయంటే చాలా రాష్ట్రాల్లో అది హింస కిందికే వస్తుంది. చూసిన టీచర్ రిపోర్ట్ చెయ్యకపోతే ఆవిడకే శిక్ష పడొచ్చు. కాబట్టి ఆ టీచర్ మీద కోపం పెట్టుకోకండి, ముఖ్యంగా బాబు ముందు ఆవిడ పేరెత్తకండి.

మీ కేసూ ఆయన కేసూ ఒకటి కాదు, కాగితాల మీద కలిసి ఉన్నా సరే. ఒకే లాయర్ మీ ఇద్దరి తరఫునా మాట్లాడుతుంటే వెంటనే విడిగా మీకొక లాయర్ కావాలని అడగండి. ఇద్దరి ప్రయోజనాలూ ఒకటి కానప్పుడు ఇలా అడగడం మామూలు విషయం. డబ్బు లేకపోతే చాలా రాష్ట్రాల్లో కోర్టే లాయర్‌ని ఇస్తుంది. విజిట్లు కూడా విడిగా అడగొచ్చు. ఆయన రాకపోతే ఆ నష్టం ఆయన ఖాతాలో పడనివ్వండి, మీ ఖాతాలోకి రానివ్వకండి.

ఇప్పుడు ఆ గంట సంగతి. అసలు కష్టమంతా అక్కడే ఉంది కనుక కాస్త వివరంగా చెప్తాను.

ఆ గదిలో కూర్చున్నావిడ పని రెండు రకాలు. పిల్లలు క్షేమంగా ఉన్నారా అని చూడటం ఒకటి, ఏం జరిగిందో రాయడం ఒకటి. మీరు ఎన్నింటికి వచ్చారు, పిల్లలు మిమ్మల్ని చూడగానే ఏం చేశారు, పాప ఏడిస్తే మీరేం చేశారు, బాబు మాట వినకపోతే మీ గొంతు మారిందా, ఫోన్ చూసుకున్నారా, వెళ్లేటప్పుడు ఎలా సాగనంపారు, ఇలాంటివి రాస్తారు. పదినిమిషాలు ముందే వెళ్లండి. ఫోన్ బ్యాగులోంచి తియ్యొద్దు, ఫోటోలు తియ్యాలంటే ముందు అడగండి. ఇంటి నుంచి తినడానికి ఏమన్నా తీసుకెళ్లొచ్చా అని అడిగి, ఒప్పుకుంటే తీసుకెళ్లండి, పిల్లలకి ఆ వాసన తెలుస్తుంది. నేల మీద కూర్చోండి. బొమ్మలు కొనిపెట్టి గంటంతా బహుమతుల్లో గడిపెయ్యొద్దు. ఒక పుస్తకం, రంగు పెన్సిళ్లు, పాప జుట్టు దువ్వడానికి దువ్వెన చాలు. జుట్టు దువ్వుతూ కబుర్లు చెప్పే అమ్మని చూస్తే పక్కన కూర్చున్న మనిషికి మీ గురించి పేజీలకు పేజీలు చెప్పక్కర్లేదు.

బాబుతో 'ఆరోజు టీచర్‌కి ఏం చెప్పావు', 'అక్కడ నిన్నెవరన్నా ఏమన్నా అన్నారా', 'జడ్జి అడిగితే ఇలా చెప్పు' అనకండి. చెవిలో గుసగుసలు వద్దు. 'వచ్చేవారం ఇంటికెళ్లిపోదాం' అని మాటివ్వకండి, ఆ మాట నిలబెట్టడం మీ చేతిలో లేదు, వచ్చేవారం వాడు చెప్పులేసుకుని కూర్చుంటాడు. వాడు తప్పకుండా అడుగుతాడు, ఇంటికెప్పుడెళ్తాం అని. 'నిన్ను ఇంటికి తెచ్చుకోడానికే అమ్మ రోజూ పని చేస్తోంది నాన్నా, ఎప్పుడన్నది జడ్జిగారు చెప్తారు' అనండి, అంతకంటే ఎక్కువ చెప్పక్కర్లేదు.

ఒక్కటి మాత్రం మీరు అడక్కపోతే ఎవరూ చెయ్యరు. ఏడేళ్ల పిల్లాడికి లెక్క తెలుసు. టీచర్‌కి చెయ్యి చూపించాను, ఆ రాత్రే చెల్లినీ నన్నూ తీసుకొచ్చేశారు, అమ్మ ఏడుస్తోంది, అంటే ఇదంతా నావల్లే జరిగింది అని వాడు లోపల అనుకుంటూ ఉంటాడు, పైకి చెప్పడు. ఆ బరువు వాడి మీంచి దింపగలిగేది మీరొక్కరే. కేసు గురించి మాట్లాడకూడదన్న నిబంధన ఉంది కనుక, విజిట్‌కి ముందే సూపర్‌వైజర్‌తో, అంటే ఆ మూల కుర్చీ ఆవిడతో చెప్పండి: 'ఇది వాడి తప్పు కాదని, నిజం చెప్పినందుకు నాకు కోపం లేదని వాడికి చెప్పాలనుకుంటున్నాను, ఎలా చెప్తే బాగుంటుంది?' అని. ఇలా అడిగిన తల్లిని ఆ పనిలో ఉన్న ఏ మనిషీ తప్పుపట్టరు. వాడికి థెరపిస్ట్ ఉంటే ఆ థెరపిస్ట్ దగ్గరే ఆ మాట చెప్పించే ఏర్పాటు కూడా చెయ్యొచ్చు.

పాప సంగతి. మూడేళ్ల పిల్ల ఫాస్టర్ అమ్మ దగ్గరికి పరిగెత్తిందంటే మిమ్మల్ని మర్చిపోయినట్టు కాదు. ఆ వయసు పిల్లలు రోజూ అన్నం పెట్టి పడుకోబెట్టే మనిషిని పట్టుకుంటారు. పైగా ప్రతి గంట చివరా విడిపోవడం ఉందని ఆ చిన్న బుర్రకి తెలిసిపోయింది, అందుకే విడిపోయే క్షణం రాకముందే తనే పారిపోతోంది. అలా పట్టుకోవడం తెలిసిందంటే మొదటి మూడేళ్లూ మీ దగ్గర నేర్చుకున్నదే. దానికి మీరు చెయ్యగలిగింది ఏమిటంటే, పది నిమిషాల ముందే 'ఇంకొక పాట పాడుకుని టాటా చెప్పుకుందాం' అని చెప్పండి, ప్రతిసారీ అదే పాట, అదే ముద్దు, అదే మాట. దొంగచాటుగా వెళ్లిపోవద్దు. కళ్లనీళ్లు వస్తే రానివ్వండి, కానీ వాళ్లే మిమ్మల్ని ఓదార్చే పరిస్థితి తేవద్దు, కారెక్కాక ఏడవండి.

ఆ ఫాస్టర్ అమ్మని పాప చూస్తుండగా నవ్వుతూ పలకరించండి. నాకు తెలుసు, ఇది అన్నిటికంటే కష్టం. అయినా చెయ్యండి, ఎందుకంటే ఇద్దరిలో ఎవర్ని ఎంచుకోవాలన్న బాధ మూడేళ్ల పిల్లకి ఉండకూడదు. పాప ఎలా పడుకుంటుందో, ఏం తినదో, భయమేస్తే ఏ మాటంటే ఊరుకుంటుందో ఒక కాగితం మీద రాసి కేస్‌వర్కర్ ద్వారా ఆవిడకి పంపండి. ఇంకా, ఈ వయసు పిల్లకి వారానికి రెండు గంటలు తక్కువ. విజిట్లు ఎంత తరచుగా ఉంటే పిల్లలు ఇంటికి తిరిగొచ్చే అవకాశం అంత ఎక్కువగా కనిపిస్తోందని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు. ఎక్కువ అడగండి. వీడియో కాల్ అడగండి, డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి మిమ్మల్నీ రానివ్వమనండి. ఆఫీసు గదిలోంచి పార్కుకి, పార్కు నుంచి మీ ఇంటికి, తర్వాత ఎవరూ పక్కన లేకుండా కొన్ని గంటలు, తర్వాత రాత్రి బస, ఇలా మెట్టు మెట్టుగా సాగాలి ఇది. ఒక్కో మెట్టు ఎక్కడానికి మీరేం చెయ్యాలో కేస్‌వర్కర్ చేత రాతలో చెప్పించుకోండి.

తెలుగు మాట్లాడొద్దన్నారే, దాని మీద మాత్రం ఊరుకోవద్దు. వాళ్ల ఇబ్బంది అర్థమవుతుంది, మాట అర్థం కాకపోతే ఆవిడ తన పని చెయ్యలేదు. కానీ దానికి విరుగుడు పిల్లల నోటి నుంచి భాష తీసెయ్యడం ఎలా అవుతుంది? తెలుగు వచ్చిన సూపర్‌వైజర్‌నో, దుబాసీనో పెట్టాలి. ఫెడరల్ డబ్బు తీసుకునే ఏ ఏజెన్సీ అయినా ఏ దేశం నుంచి వచ్చారన్న కారణంగా సేవల్లో తేడా చూపకూడదని 1964 పౌరహక్కుల చట్టం చెప్తోంది, దాని ఆధారంగా దుబాసీని అడగొచ్చు. మీ లాయర్ చేత రాతపూర్వకంగా అడిగించండి. ఏర్పాటు అయ్యేదాకా ఇంగ్లీషులోనే మాట్లాడండి, ఆ కారణంగా గొడవపడి గంట పోగొట్టుకోకండి.

ఇక ఇంటికొచ్చే ఆవిడ. నిఘాకా సాయానికా అన్నారు, రెండూ. మీ దగ్గర ఆ విషయం దాచడం నాకిష్టం లేదు. ఆవిడ చూసింది రాస్తుంది, పిల్లలకి ప్రమాదం కనిపిస్తే రిపోర్ట్ చెయ్యాల్సిన బాధ్యతా ఆవిడకి ఉంది. అయినా మీ ఇంట్లో కూర్చుని మీకోసం గంట కేటాయించే మనిషి ఇప్పుడు ఆవిడొక్కతే, కాబట్టి ఆవిడని వాడుకోండి. కుటుంబాన్ని విడగొట్టకుండా ఇంటికే మనిషిని పంపి సాయం చెయ్యాలన్న ఆలోచన అక్కడ కొత్తది కాదు. 1974లో వాషింగ్టన్ రాష్ట్రంలోని టకోమాలో హోంబిల్డర్స్ అన్న కార్యక్రమం మొదలైంది, అందులో ఒక్కో థెరపిస్ట్ ఒక సమయంలో రెండు కుటుంబాలనే చూస్తారు, నాలుగు నుంచి ఆరు వారాలపాటు ఏ రాత్రి ఫోన్ చేసినా పలుకుతారు. పిల్లల్ని తీసుకెళ్లకముందే ఇలాంటి సేవలకి ఫెడరల్ డబ్బు వాడుకోవచ్చని 2018లో చట్టం కూడా చేశారు. మీ ఇంటికి అది ముందే వచ్చి ఉంటే బాగుండేదని నాకు నిజంగా బాధగా ఉంది. ఇప్పుడు వచ్చిందాన్ని వదులుకోకండి.

ఆవిడ అల్మారాలు చూసేది మీ ఇల్లు నీటుగా ఉందా అని కాదు. మందులు పాపకి అందేలా ఉన్నాయా, పొగ అలారం పనిచేస్తోందా, కిటికీలు ఎలా ఉన్నాయి, ఎవరు ఎక్కడ పడుకుంటారు, ఇంట్లో తిండి ఉందా, ఇవి చూస్తుంది. అవి ఒక సాయంత్రంలో సర్దుకోవచ్చు. సర్దుకోలేంది ఏమిటంటే 'మా ఇంట్లో ఏ సమస్యా లేదండీ' అన్న మాట. మన వాళ్లు పరువు కోసం మొదట చెప్పేది అదే, ఆవిడ నోట్సులో అది 'తల్లికి సమస్య అర్థం కాలేదు' అని పడుతుంది. దానికి బదులు ఉన్నది ఉన్నట్టు చెప్పండి, ఉదాహరణకి: హోంవర్క్ టైంకి ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది, నాకు కారు నడపడం రాదు, రోజంతా మాట్లాడే మనిషి లేడు, బాబు మొండికేస్తే కొట్టకుండా ఏం చెయ్యాలో నాకు తెలీదు. అప్పుడు ఆవిడ చెయ్యడానికి ఏదన్నా ఉంటుంది. పేరెంట్ చైల్డ్ ఇంటరాక్షన్ థెరపీ అని ఒకటుంది, తల్లి బిడ్డతో ఆడుకుంటుంటే కోచ్ అద్దం వెనక నుంచో వీడియోలోంచో చూస్తూ, తల్లి చెవిలో పెట్టిన ఇయర్‌ఫోన్‌లో ఆ క్షణానికి ఏమనాలో చెప్తారు. క్లాసులో కూర్చుని విన్నదానికంటే ఇలాంటివి చేతికి అందుతాయి, మీ ఊళ్లో ఉందేమో అడగండి. వెళ్లిన ప్రతి క్లాసు సర్టిఫికెట్టూ దాచుకోండి. ఏ విజిట్ ఎవరు రద్దు చేశారో ఒక నోట్‌బుక్‌లో తేదీలతో రాసుకోండి, ఏజెన్సీ వాళ్లే రద్దు చేసినవి కూడా.

జాగ్రత్త ఒక్కటే. ఆ దెబ్బల రాత్రి ఏం జరిగిందన్నది మీ లాయర్‌తో మాట్లాడకముందు ఇంటికొచ్చే ఆవిడతో గానీ థెరపిస్ట్‌తో గానీ వివరంగా చెప్పకండి, ముఖ్యంగా మీవారి మీద క్రిమినల్ కేసు కూడా ఉంటే. ఆయనకి కూడా చెప్పండి, వింటే వింటారు: పిల్లల మీద హింస కింద శిక్ష పడితే గ్రీన్ కార్డు ఉన్నవాళ్లని కూడా దేశం నుంచి పంపించెయ్యొచ్చు. ఇమ్మిగ్రేషన్ మీద దాని ప్రభావం ఏమిటో డిఫెన్స్ లాయర్ ముందే చెప్పి తీరాలని సుప్రీంకోర్టు 2010లో తీర్పిచ్చింది. తొందరగా తేలిపోతుందని ఎవరో అంటే నేరం ఒప్పుకుంటూ సంతకం పెట్టొద్దు.

చివరికి మీరు 'అది వేరే సంగతి' అన్న మాట దగ్గరికి వస్తున్నాను. అది వేరే సంగతి కాదమ్మా. మీ ఉత్తరంలో అన్నిటికంటే పెద్ద సంగతి అదే, మీరు దాన్ని ఒక్క ముక్కలో చెప్పి దాటేశారు. మీ మీద చెయ్యి చేసుకునే మనిషి ఉన్న ఇంటికి పిల్లల్ని పంపాలా అన్నదే రేపు జడ్జిగారు ఆలోచించేది, పైకి ఎవరూ అనకపోయినా. ఆయన మారతారా, మారడానికి క్లాసులకి వెళ్తారా, లేక మీరూ పిల్లలూ వేరే ఇంట్లో ఉండాలా, దీనికి సమాధానం నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను, చెప్పకూడదు. కానీ ఈ విషయం ముందు మీ సొంత లాయర్‌కి చెప్పండి, ఆయనతో కలిసి ఉన్న లాయర్‌కి కాదు. ఎందుకంటే కొన్నిచోట్ల ఇంట్లో హింస ఉందని తెలిస్తే దాన్ని కూడా తల్లి మీదకే తిప్పుతారు, ఎప్పుడు ఎలా చెప్పాలో లాయర్ తోడుంటే మంచిది. జాతీయ గృహహింస హాట్‌లైన్ 1-800-799-7233, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఫోన్ మీవారు చూస్తారనుకుంటే వేరేవాళ్ల ఫోన్ నుంచి చెయ్యండి. వీసా ఆయన మీద ఆధారపడి ఉందని నోరు మూసుకోవద్దు. గృహహింస లాంటి నేరాలకి గురై పోలీసులకి సహకరించినవాళ్ల కోసం యు వీసా అని ఒక దారి ఉంది, అది మీకు వర్తిస్తుందో లేదో ఇమ్మిగ్రేషన్ లాయర్ చెప్తారు.

ఇంకో విషయం, మీ అక్కో అన్నో పెద్దమ్మో అమెరికాలో ఎక్కడున్నా వాళ్ల పేర్లు కేస్‌వర్కర్‌కి ఇవ్వండి. పిల్లల్ని తీసుకెళ్లిన ముప్ఫై రోజుల్లో బంధువుల్ని వెతికి తెలియజెయ్యాలని 2008 చట్టం చెప్తోంది, కానీ మనం సిగ్గుపడి ఎవరి పేరూ చెప్పకపోతే వాళ్లకెలా దొరుకుతారు? ముప్ఫై రోజులు దాటినా చెప్పొచ్చు. పిల్లలు బంధువుల ఇంట్లో ఉంటే తెలుగు పోదు, విజిట్లు తేలికవుతాయి, పైన చెప్పిన 15 నెలల లెక్కలో కూడా అది మినహాయింపు కావొచ్చు.

రేపు పొద్దున్నే లాయర్‌కి ఒక ఇ-మెయిల్ పెట్టండి, లాయర్ లేకపోతే కోర్టు క్లర్క్‌కి ఫోన్ చేసి అడగండి. అందులో ఈ మాటలు చాలు: నాకు విడిగా లాయర్ కావాలి, నా విజిట్లు విడిగా కావాలి, ఇప్పుడున్నదానికంటే ఎక్కువ కావాలి, తెలుగు దుబాసీ కావాలి, నా కేస్ ప్లాన్, అంటే పిల్లలు ఇంటికి రావాలంటే ఎవరేం చెయ్యాలో రాసిన కాగితం, కాపీ కావాలి. పిల్లల్ని తీసుకెళ్లిన అరవై రోజుల్లో ఆ ప్లాన్ తయారవ్వాలి, మీకింకా రెండు వారాలున్నాయి. అది రాసేటప్పుడు మీరూ ఆ టేబుల్ దగ్గర కూర్చోవాలని అడగండి.